లాభం, రెండు, మూడు… చల్లని సముద్రంలో నా లెక్క

(అమెరికాలో, కాలిఫోర్నియాలోని శాన్ డియేగోలో తెలుగు కుటుంబాల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

పెద్దలందరికీ నమస్కారం. పిల్లలూ, ముందు వరుసలో కూర్చున్నారు, చాలా సంతోషం. మొదలుపెట్టేముందు మీకొక చిన్న పని. ఈత వచ్చినవాళ్లు చెయ్యెత్తండి. మంచిది. దించకండి, అలాగే ఉంచి ఒక్కసారి చుట్టూ చూడండి. పిల్లల చేతులన్నీ పైనే ఉన్నాయి. మగవాళ్లలో సగానికి పైగా ఎత్తారు. మరి ఆడవాళ్లు? లెక్కపెట్టాను. నాతో కలిపి నలుగురం. సరే, దించండి. ఈ నలుగురం అన్న లెక్క గుర్తుంచుకోండి. చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఓషన్‌సైడ్‌లో ఈ మధ్య నేను చేసిన ట్రయాథ్లాన్ గురించి చెప్పమని నన్ను పిలిచారు. ట్రయాథ్లాన్ అంటే ఈత, సైకిలు, పరుగు. మూడూ ఒకే రోజు, ఒకదాని వెంట ఒకటి, మధ్యలో గడియారం ఆగదు. ఒలింపిక్స్‌లో అయితే ఒకటిన్నర కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌తో అక్కడికి చేరింది ఈ ఆట. నేను చేసినది అంతకంటే పొడవు. ఈత 1.9 కిలోమీటర్లు, సైకిలు 90 కిలోమీటర్లు, పరుగు 21.1 కిలోమీటర్లు. మైళ్లలో కూడితే 70.3 వస్తుంది కాబట్టి ఆ అంకెనే దానికి పేరుగా పెట్టారు. మొత్తం ఎనిమిదిన్నర గంటల్లో ముగించాలి. ఈత గంటా పది నిమిషాల్లో పూర్తి కాకపోతే సైకిలు దాకా వెళ్లనివ్వరు.

ఓషన్‌సైడ్ పోటీ మార్చి చివర్లోనో ఏప్రిల్ మొదట్లోనో వస్తుంది. ఈ దేశంలో ఈ ఆట ఆడేవాళ్లలో చాలామందికి ఏడాదిలో మొదటి పెద్ద పోటీ అదే. సీజన్ మొదట్లో పోటీ అంటే ఏమిటో ఇక్కడున్న పెద్దవాళ్లకు నేను వివరించనక్కరలేదు. తొలకరి పడ్డాక నాగలి బయటికి తీస్తారు కదా? కర్రు తుప్పు పట్టిందా, కాడి చీలిందా అన్నది ఆ రోజే తెలుస్తుంది. కొట్టంలో ఉన్నప్పుడు చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. నా సంగతి కూడా అంతే అయింది. అందుకే ఇవాళ నా సమయం ఎంత, ఎన్నో స్థానం అనేవాటి కంటే ఆ రోజు ఏది తుప్పు పట్టి ఉందో అది చెబుతాను.

ముందు నా గురించి రెండు మాటలు. మాది గోదావరి డెల్టాలో కాలవ గట్టు మీద ఊరు. ఇంటి ముందే నీళ్లు. ఎండాకాలం సెలవుల్లో మగపిల్లలందరూ లాకుల దగ్గర పైనుంచి దూకేవాళ్లు. కొత్తగా నేర్చుకునేవాడి నడుముకు జీలుగు బెండ్లు కట్టి నీళ్లలోకి తోసేవాళ్లు. మా అన్నయ్య అలాగే నేర్చుకున్నాడు. నేను రేవు మెట్ల మీద కూర్చుని వాడి బట్టలకు కాపలా ఉండేదాన్ని. నన్ను దిగొద్దని ఎవరూ తిట్టలేదు. అసలు ఆ ప్రశ్నే రాలేదు. ఆడపిల్ల బిందె ముంచడానికి మోకాళ్ల దాకా దిగేది, అంతే. ఇక్కడున్న అమ్మలకు తెలుసు నేను చెప్పేది. తలలు ఊపుతున్నారు, చూస్తున్నాను.

ఈత నేను 38వ ఏట నేర్చుకున్నాను, ఇక్కడే, మా వీధి చివర ఉన్న కొలనులో, ఆరేళ్ల పిల్లల పక్కన. ఇప్పుడు నాకు 43. పోయిన ఏడాది రెండు చిన్న పోటీలు చేశాను. రెండూ మన మిషన్ బేలోనే.

మిషన్ బే పేరు వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం పక్కకు వెళతాను. ఈ ఆట పుట్టింది ఎక్కడో తెలుసా? మనం ఆదివారాలు భోజనాలు కట్టుకుని వెళ్లే ఆ మిషన్ బే దగ్గరే. 1974 సెప్టెంబర్ 25, బుధవారం సాయంత్రం. శాన్ డియేగో ట్రాక్ క్లబ్ వాళ్లు, జాక్ జాన్‌స్టన్, డాన్ షానహన్ అనే ఇద్దరు దాన్ని ఏర్పాటు చేశారు. 46 మంది వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది పరుగు మనుషులు, ఈత అంతంతమాత్రం. వెనకపడినవాళ్లు నీళ్లలో ఉండగానే చీకటి పడింది. అప్పుడు ఏం చేశారంటే, ఒడ్డున కార్లు నిలబెట్టి హెడ్‌లైట్లు నీళ్ల మీదికి వేశారు. అందరూ బయటికి వచ్చేదాకా వెలుగు చూపించారు. ఆ 46 మందిలో జాన్ కాలిన్స్ అని నేవీ అధికారి, ఆయన భార్య జూడీ కూడా ఉన్నారు. తర్వాత వాళ్లే హవాయిలో 1978 ఫిబ్రవరిలో ఐరన్‌మ్యాన్ అనే, ఇంకా పొడవైన ట్రయాథ్లాన్ మొదలుపెట్టారు. మొదటిసారి 15 మంది బయలుదేరితే 12 మంది చివరిదాకా వచ్చారు. మరుసటి ఏడాదే లిన్ లెమేర్ అనే అమ్మాయి వచ్చి, మగవాళ్లందరితో కలిపి అయిదో స్థానంలో నిలిచింది.

ఇంకొకరి పేరు కూడా చెప్పాలి, ఎందుకంటే ఆమె మన పక్క ఊరు కార్ల్స్‌బాడ్ అమ్మాయి. జూలీ మాస్. 1982 ఫిబ్రవరిలో, కాలేజీ చదువులో భాగంగా ఆ ఐరన్‌మ్యాన్ చెయ్యడానికి హవాయి వెళ్లింది. చివరి దాకా అందరికంటే ముందుంది. గమ్యం కళ్లముందు కనిపిస్తుండగా కాళ్లు చచ్చుబడి కూలిపోయింది. వెనక నుంచి ఇంకొక అమ్మాయి దాటిపోయింది. జూలీ చేతుల మీద పాక్కుంటూ వెళ్లి గీత తాకింది, 29 సెకన్ల తేడాతో రెండో స్థానం. అది టీవీలో చూసి ఎంతోమంది ఈ ఆటలోకి వచ్చారు. ఆమె అంటే నాకు ఎంతో గౌరవం. కానీ మనసులో మాట చెబుతున్నాను, ఈ ఆట అనగానే నా కళ్లముందు కదిలే దృశ్యం ఆ పాకడం కాదు. చీకట్లో నీళ్ల మీద పడ్డ ఆ కార్ల వెలుగు. ఆఖరి మనిషి వచ్చేదాకా ఎవరూ ఇంటికి వెళ్లలేదు, అది.

సరే, ఓషన్‌సైడ్‌కు వద్దాం. తెల్లవారుజామున నాలుగున్నరకు సైకిళ్లు పెట్టే చోటికి చేరాను. అందరి తలలకూ చిన్న దీపాలు. సైకిలు పక్కన తువ్వాలు పరిచి, దాని మీద హెల్మెట్, బూట్లు, సాక్సులు వరుసగా పెట్టుకోవాలి. ఏది ముందు వేసుకుంటామో అది పైన. ఎడమ కాలి చీలమండకు ఒక పట్టీ కడతారు, అందులో సమయం లెక్కించే చిప్పు ఉంటుంది. ఎడమ కాలికే ఎందుకు? బాబూ, నువ్వు చెప్పు. అవును, గొలుసు కుడివైపు ఉంటుంది కాబట్టి. శభాష్.

ఆ ఉదయం నీళ్లు 14, 15 డిగ్రీల మధ్య ఉన్నాయి. నేను చలికాలమంతా ఈత కొట్టిన కొలను 27 డిగ్రీలు. నాలుగు నెలల్లో వారానికి మూడు రోజులు, ఒక్క రోజు మానలేదు. దూరం వచ్చింది, చెయ్యి తిరిగింది. కానీ అక్టోబరు తర్వాత ఒక్కసారైనా చల్లని సముద్రంలో దిగానా? దిగలేదు. ఇవాళ చలి, వచ్చే వారం చూద్దాం, అనుకుంటూ గడిపేశాను. నా కర్రుకు తుప్పు పట్టింది అక్కడే.

ఒంటిమీద వెట్‌సూట్ ఉంటుంది. రబ్బరులాంటి బట్ట, దాని నిండా సన్నటి గాలి బుడగలు. అది వెచ్చదనం కాపాడుతుంది, మనిషిని తేలుస్తుంది కూడా. మొదటిసారి దాన్ని తొడుక్కుని నీళ్లలో పడుకున్నప్పుడు నాకు కన్నీళ్లు వచ్చాయి. నడుము దానంతట అదే పైకి లేచింది. మా అన్నయ్యకు కట్టిన జీలుగు బెండ్లు ముప్పయి ఏళ్ల తర్వాత నాకు కట్టినట్టు అనిపించింది.

అయితే వెట్‌సూట్ ముఖాన్ని కప్పదు. మణికట్టు దాటాక చేతుల్నీ కప్పదు. ముఖం నీళ్లలో పెట్టగానే ఏమవుతుందో చెబుతాను, దయచేసి ఇది జాగ్రత్తగా వినండి. మీలో ఎవరైనా పిల్లల్ని తీసుకుని ఇక్కడి సముద్రానికి, కొండల్లో చెరువులకు వెళ్లినప్పుడు పనికొస్తుంది. నీళ్లు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడి లాగేస్తాయి. చర్మం ఒక్కసారిగా చల్లబడితే మన ప్రమేయం లేకుండానే ఊపిరి లోపలికి లాక్కుంటాం. తర్వాత ఊపిరి వేగం పెరుగుతుంది, గుండె దడదడలాడుతుంది. మొదటి అరనిమిషం మరీ తీవ్రంగా ఉంటుంది. రెండు మూడు నిమిషాల్లో ఆ ఉధృతి తగ్గుతుంది. ఇదంతా నాకు తెలుసు. చదివాను, ఇంకొకరికి చెప్పాను కూడా. చెప్పిన నేనే ఆ రోజు వంద మీటర్లు వెళ్లేసరికి ఆగిపోయాను.

ఎలా ఉందంటే, ఊపిరి పీలుస్తున్నాను, పీలుస్తున్నాను, లోపలికి వెళ్లడం లేదు. ఛాతీ చుట్టూ ఎవరో తాడు బిగించినట్టు. చుట్టూ చేతులు, కాళ్లు, నీళ్లు చిమ్ముతున్నాయి. కళ్లద్దాల్లోంచి కిందికి చూస్తే పచ్చటి మసక, ఇంకేమీ లేదు. కొలను అడుగున నల్ల గీత ఉంటుంది కదా, అది చూసుకుంటూ ఈదడం అలవాటైన కళ్లు ఇవి. ఆ క్షణంలో నాకు వచ్చిన ఆలోచన ఒక్కటే: నేను రేవు మెట్ల మీద ఉండాల్సినదాన్ని, ఇక్కడికెందుకు వచ్చాను?

వెల్లకిలా తిరిగాను. చెయ్యి పైకెత్తాను. ఒక చిన్న పడవలో, కాయక్ అంటారు, కాపలా ఉన్న అమ్మాయి పక్కకు వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయేమో. పడవ ముందుభాగం పట్టుకోమంది. పట్టుకోవచ్చు, నిబంధనలు ఒప్పుకుంటాయి. పడవ సాయంతో ముందుకు కదలకూడదు, అంతే. ఎంతసేపు కావాలంటే అంతసేపు పట్టుకుని ఉండవచ్చు. ఆ సంగతి తెలియక భయంతోనే ఈదేవాళ్లు ఉన్నారు, అందుకే చెబుతున్నాను. ఆమె నన్ను ఏమీ అడగలేదు. ‘గాలి బయటికి వదలండి’ అంది. పీల్చమనలేదు, వదలమంది.

వదిలాను. పెదవులు సున్నాలా చుట్టి, నీళ్ల మీద బుడగలు వచ్చేలా వదిలాను. అప్పుడు తెలిసింది, అప్పటిదాకా నేను పీల్చడమే తప్ప వదలడం లేదని. నిండిన కుండలో ఇంకా నీళ్లు పోస్తే పడతాయా? లోపల ఖాళీ ఉంటేనే కదా కొత్త గాలి వెళ్లేది!

మళ్లీ ముఖం నీళ్లలో పెట్టి, వదిలే ఊపిరులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అనుకోకుండా నోట్లోకి వచ్చిన మొదటి మాట ‘లాభం’. మీలో కొంతమందికి అర్థమైంది. పిల్లలకు చెబుతాను. మా తాతయ్య కళ్లంలో వడ్లు కుంచంతో కొలిచేటప్పుడు ఒకటి అనేవాడు కాదు. మొదటి కుంచం పోస్తూ ‘లాభం’ అనేవాడు. తర్వాత రెండు, మూడు, నాలుగు. ఇంటికి వచ్చే గింజను ‘ఒకటి’ అని లెక్క మొదలుపెట్టడం ఆయనకు ఇష్టం లేదు, లాభంతోనే మొదలవ్వాలి. ఆ గొంతు, ఆ లయ నాకు చిన్నప్పటినుంచి చెవిలో ఉంది. పసిఫిక్ మహాసముద్రంలో అదే లయ మీద గాలి వదిలాను. లాభం, రెండు, మూడు, నాలుగు. ఇరవై వచ్చాక మళ్లీ లాభం. పడవ వదిలేశాను. ఒక పసుపు బెలూను గుర్తు దాటాను, ఇంకొకటి దాటాను. హార్బర్ లోపలికి వచ్చి, పడవలు నీళ్లలోకి దింపే వాలు మీద కాళ్లు ఆనించేసరికి 51 నిమిషాలు అయింది.

ఎవరో వెనక నుంచి అడుగుతున్నారు. ఏమిటమ్మా? ఆ అమ్మాయి పేరు కనుక్కున్నానా అనా? లేదండీ. పోటీ అయ్యాక వెతికాను, అప్పటికే వాళ్లు పడవలు ఎక్కించుకుని వెళ్లిపోయారు. నా మనసులో ఆ ముల్లు ఉండిపోయింది.

నీళ్లలోంచి వచ్చాక ఇంకొక పరీక్ష, ఎవరూ అనుకోనిది. హెల్మెట్ కట్టుకోకుండా సైకిలు ముట్టుకోకూడదు. గడ్డం కింద కొక్కెం పెట్టాలి. నా వేళ్లు కొంకర్లు పోయాయి. రెండు ముక్కల కొక్కెం, మూడేళ్ల పిల్లవాడు కూడా పెట్టగలడు. నా బొటనవేలు ఎక్కడుందో నాకు తెలియడం లేదు. ఒకసారి, రెండుసార్లు, అయిదుసార్లు. చివరికి వేళ్లు చంకలో పెట్టుకుని నిలబడ్డాను. చంకలో వెచ్చదనం వేళ్లకు ఎక్కడానికి రెండు నిమిషాలు పట్టింది. తర్వాత టక్కుమని పడింది. బట్టలు మార్చుకోవడం, బూట్లు, అన్నీ కలిపి అక్కడ 11 నిమిషాలు పోయాయి. పోనివ్వండి.

సైకిలు దారి చాలావరకు క్యాంప్ పెండల్టన్ లోపలినుంచి వెళుతుంది. అది మెరైన్ సైనికుల స్థావరం. మొదటి సగం సముద్రం పక్కన నున్నగా ఉంటుంది. రెండో సగంలో కొండలు. నా చలికాలం సైకిలంతా గ్యారేజీలో, చక్రం కదలకుండా బిగించిన యంత్రం మీద. కాళ్లకు బలం వచ్చింది. ఎక్కుడు దగ్గర నాకు ఇబ్బంది లేదు, ఒక గేరు తగ్గించి, పాట పాడుకునేటంత నింపాదిగా ఎక్కాను. దిగుడు దగ్గర వచ్చింది చిక్కు. గ్యారేజీలో దిగుడు ఉండదు కదా! పక్కగాలికి సైకిలు ఊగుతుంటే బ్రేకుల మీద వేళ్లు తియ్యలేకపోయాను. అక్కడ ఒక దిగుడులో వేగానికి పరిమితి పెట్టారు, దాటితే పోటీ నుంచి తీసేస్తారు. చాలామంది ఆ చోట విసుక్కుంటారు. నేను దండం పెట్టుకున్నాను.

తిండి సంగతి అడుగుతారని తెలుసు, కాబట్టి నేనే చెబుతాను. ఇన్ని గంటల పనికి ఒంట్లో నిల్వ ఉన్న పిండిపదార్థం చాలదు. గంటకు 60 గ్రాములైనా లోపలికి వెళ్లాలి. అందరూ తియ్యటి జిగురులాంటివి చిన్న పొట్లాల్లో తెచ్చుకుంటారు. నాకు నాలుగోదానికే కడుపులో తిప్పుతుంది. నేను పులిహోర ముద్దలు తీసుకెళ్లాను. మెత్తగా వండిన అన్నం, చింతపండు తక్కువ, ఉప్పు కాస్త ఎక్కువ, పోపులో పల్లీలూ మిరపకాయలూ లేకుండా. నిమ్మకాయంత ముద్దలు చేసి వెండి కాగితంలో చుట్టాను. ముద్ద నోట్లో పెట్టుకుంటే రెండు నమలడాల్లో కరిగిపోవాలి, పల్లీ ఉంటే ఊపిరికి అడ్డం పడుతుంది. మజ్జిగ సీసా పెట్టుకోలేదు, ఎండకు పాడవుతుందని. కాగితాలు దారిలో పారెయ్యకూడదు, అది కూడా నిబంధనే, చొక్కా వెనక జేబులో కుక్కుకున్నాను. ఆరు ముద్దలు తిన్నాను. 3 గంటల 58 నిమిషాలు తొక్కి సైకిలు అప్పగించాను.

పరుగు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. సైకిలు దిగాక మొదటి రెండు కిలోమీటర్లు కాళ్లు మనవి కావు. తొడలు ఇంకా గుండ్రంగా తిరగాలనే చూస్తాయి. చిన్న చిన్న అడుగులు వెయ్యాలి, ఓపిక పట్టాలి, వాటంతట అవే గుర్తు తెచ్చుకుంటాయి. సముద్రం ఒడ్డునే రెండు చుట్లు. ప్రతి నీళ్ల బల్ల దగ్గరా నడిచాను, మిగతాదంతా పరుగెత్తాను. రెండో చుట్టులో పిక్క పట్టేసినప్పుడు కూడా బయటికి వదిలే ఊపిరే లెక్కపెట్టాను. ఆ దారిలో నాకు గుర్తొచ్చింది పోయిన ఏడాది మిషన్ బేలో చూసిన ఒక పెద్దావిడ. ఆ చిన్న పోటీల్లో పిక్క మీద వయసు రాస్తారు. నన్ను దాటి వెళుతున్న ఆమె పిక్క మీద 71 అని ఉంది. ఆ అంకె నా కళ్లముందు నుంచి అలా మెల్లగా దూరమవుతుంటే చూస్తూ పరుగెత్తాను. మొత్తం 7 గంటల 47 నిమిషాలు.

పూర్తయ్యాక అమ్మకు ఫోను చేశాను. అక్కడ తెల్లవారి మూడున్నర దాటింది. మేలుకునే ఉంది. ‘నీళ్లు చల్లగా ఉన్నాయా?’ అని అడిగింది. ఉన్నాయమ్మా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘నాకూ దిగాలని ఉండేదే, చిన్నప్పుడు’ అంది. మా అమ్మకు 69 ఏళ్లు. ఆ మాట నేను తన నోట ఎప్పుడూ వినలేదు. కాలవ గట్టు మీద పుట్టింది, కాలవ గట్టు మీదే పెళ్లయింది, ఇప్పటికీ కాలవ గట్టు మీదే ఉంటోంది. ఒక్కసారి కూడా ఈదలేదు.

అక్కడ ఎవరో చెయ్యెత్తారు, చెప్పండి. ఇండియాలో ఇలాంటివి ఉన్నాయా అనా? ఉన్నాయండీ. నేను చేసిన ఈ దూరం పోటీ 2019 అక్టోబరులో గోవాలో మిరామార్ బీచ్‌లో పెట్టారు. మీ ఊరు వెళ్లినప్పుడు ఆ ప్రయాణంతో కలిపి చూడండి. అక్కడ ఈ చలి బాధ ఉండదు, ఎండ బాధ ఉంటుంది.

ఇక మొదట్లో గుర్తుంచుకోమన్న లెక్క. నలుగురం. ఈ హాల్లో ఆడవాళ్లం యాభైకి తక్కువ లేము. మనం ఉన్న ఊరు సముద్రం ఒడ్డున ఉంది. మన పిల్లలు వారం వారం నీళ్లలో ఉంటారు, మనం ఒడ్డున తువ్వాళ్లు పట్టుకుని ఉంటాం. వాళ్లకు ఏదైనా అయితే? అది ఒక్కటే కాదు. మీకు కూడా దిగాలని ఉండి ఉంటుంది కదా? ఎవరూ అడిగి ఉండరు. నేను అడుగుతున్నాను.

వచ్చే శనివారం ఉదయం తొమ్మిదికి మా వీధి చివర కొలను రెండు గంటలు మనకోసం మాట్లాడి పెట్టాను. లోతు నడుము దాకానే. ఈతకు సర్టిఫికెట్టు ఉన్న ఒక టీచరు వస్తారు, ఆవిడా ఆడమనిషే. ఒడ్డున కాపలాకు ఇంకొకరు ఉంటారు. ఒంటినిండా కప్పే ఈత బట్టలు దొరుకుతాయి, ఏవి కొనాలో నన్ను అడగండి. మొదటి రోజు ఈత లేదు. గట్టు పట్టుకుని, ముఖం నీళ్లలో పెట్టి, గాలి బయటికి వదలడం, అంతే. లెక్క నేను చెబుతాను. పేర్లకోసం తలుపు దగ్గర బల్ల మీద కాగితం ఉంది, రాసి వెళ్లండి. ఇండియా నుంచి వచ్చి ఉన్న అమ్మలూ అత్తలూ కూడా రావచ్చు, వయసుతో పని లేదు. తువ్వాలు, తలకు టోపీ తెచ్చుకోండి. నూనె రాసుకుని రాకండి, నీళ్లు పాడవుతాయి.